దీపపు స్విచ్చియు గోడ ప్లగ్గును

కుమార్తెల పురుళ్లకును మనుమల ముద్దుముచ్చటలకును అమెరికాకు బోయి ఆఱేసి మాసము లుండి వచ్చుచున్న స్త్రీలు మన కోనసీమలో నిప్పు డనేకులు గలరు. వారు చెప్పు వింతలలో నొకటి యీ నడుమ బండారులంకలో నాకు ముగ్గురి నోట వినవచ్చినది. పడకగది గోడకున్న ప్లగ్గులో ఫోను చార్జరు బెట్టి పండుకొందురు. తెల్లవారి చూచిన ఫోనులో చార్జి యుండదు. సాయంకాలము మూలనున్న నిలువుదీపము వెలుగుచున్నంతసేపు నిక్షేపముగా నెక్కును. దీపము నార్పి పండుకొనగనే నిలిచిపోవును. చార్జరు చెడినదని యొకరును, ఫోను ముసలిదైనదని యొకరును అనుకొని యూరకుండిరి. మూడవ యామె మాత్రము, తలుపు ప్రక్కనున్న దీపపు స్విచ్చి నార్పినప్పుడెల్ల నా ప్లగ్గుగూడ చచ్చిపోవుచున్నదని కనిపెట్టి అల్లునితో జెప్పెను. "అవునండీ అత్తయ్యగారూ, ఇక్కడ అంతే" అని యతడు నవ్వి యూరకుండెనట. అట్లేల యుండవలెనో యామెకు దెలియలేదు. ఆ కారణమును, దానితోబాటు మన యిండ్లలోని స్విచ్చులనుగూర్చి గృహిణు లెఱుంగదగిన మఱికొన్ని సంగతులను ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా మాటలలో తికమక లేకుండ జేసికొందము. గోడలో రంధ్రములతో నుండునది సాకెట్టు. తీగె చివర పిన్నులతో నుండి యందులో దూర్చబడునది ప్లగ్గు. మనము వాడుకలో రెంటిని ప్లగ్గనియే పిలుతుము గాని, యీ వ్యాసమున రెంటికిని వేఱు పేరు లుండుట మేలు.

అమెరికాలో మన యిండ్లయందువలె ప్రతి సాకెట్టు ప్రక్కను దానికొక స్విచ్చి యుండదు. నేలకు జానెడున్నర యెత్తున గోడల పొడవునను సాకెట్టులు బిగించియుందురు. గోడవెంబడి యేచోట నిలిచినను ఆఱడుగుల లోపల నొక సాకెట్టు అందవలెనని వారి విద్యున్నిబంధనలు శాసించుచున్నవి. వానిలో కరెంటు రేయింబవళ్లు నిలిచియుండును. వలదన్నచో ప్లగ్గు నూడబెఱుకవలసినదే. ఇట్టి యింటిలో దీపపు స్విచ్చికి లోబడిన సాకెట్టు ఎక్కడనుండి వచ్చినది? ఆ నిబంధనలలోనే మఱియొకటి గలదు. మనుష్యులు వసించు ప్రతి గదిలోను గోడస్విచ్చితో వెలుగు దీపమొకటి యుండితీరవలెను. చీకటిలో తడవుకొనుచు లోపలికి బోవు అగత్యము కలుగరాదని దాని యుద్దేశము. అయితే వంటగదియు స్నానపుగదియు తప్ప తక్కిన గదులలో, పైకప్పునకు దీపము బిగించుటకు బదులు, గోడస్విచ్చికి లోబడిన సాకెట్టు ఒకటి యున్నను చాలునని వెసులుబాటు గలదు. పైకప్పునకు తీగె లాగి దీపము బెట్టుటకంటె నిది చౌక. అందుచే ననేక గృహములలో హాలునకు, పడకగదులకు పైన దీపమే యుండదు. కాపురముండువారు నిలువుదీపము నొకదానిని కొనితెచ్చి యా సాకెట్టులో దూర్చవలెను. అప్పుడు తలుపుదగ్గరి స్విచ్చి దాని స్విచ్చియగును. దీపమునకై యుద్దేశింపబడిన యా సాకెట్టులో మన యత్తగారు ఫోను చార్జరు దూర్చినది, అంతియే!

ఒక్కొక్క పలకకు సాకెట్టులు క్రిందు మీదుగా రెండుండును. రెంటిని గలుపు చిన్న లోహపు రేకును త్రుంచివేసి, యొకదానిని మాత్రము స్విచ్చికి లోబఱచి, రెండవదానిలో నిత్యము కరెంటుండునట్లు చేయుట గలదు. కాబట్టి ఒకే పలకలో నొక కన్ను నిద్రించుచు నొక కన్ను మేలుకొని యుండవచ్చును. కొందఱు పనివారు గుర్తుకొఱకై యట్టి పలకను తలక్రిందుగా బిగింతురు గాని యది యెల్లెడల పాటింపబడు నియమము గాదు. మఱియొక చిత్రము: మన స్విచ్చిని క్రిందికి నొక్కిన వెలుగును, వారి స్విచ్చిని పైకెత్తిన వెలుగును. అలవాటు చొప్పున "ఆర్పితి" ననుకొని మనవారు వెలిగించి వచ్చుట వింతగాదు.

దీపమునకును సాకెట్టునకును గల యీ బాంధవ్యము నేటిది గాదు. థామస్ ఎడిసను 1879 డిసెంబరులో న్యూజెర్సీలోని మెన్లో పార్కున తన విద్యుద్దీపములను జనులకు జూపెను. ఆ చోటు నేడు ఎడిసను పట్టణములో నున్నది; ఆ పట్టణము 1954 లో నాతని పేరు దాల్చినది, అక్కడ నిప్పుడు తెలుగువారి కాపురములును మెండు. ఆ తొలిదినములలో ఇండ్లకు కరెంటు వచ్చినది దీపములకొఱకే. గోడలలో సాకెట్టులు లేవు. ఇస్త్రీపెట్టెనుగాని పంకానుగాని నడుపవలెనన్న బల్బును విప్పి, యా హోల్డరులోనే తీగెను బిగింపవలసి యుండెను. 1904 లో హార్వే హబ్బెల్ అను నాతడు, హోల్డరులో బిగించియుంచి, కావలసినపుడు పిన్నులు దూర్చి తీయదగిన ప్లగ్గునకు పేటెంటు బడసెను. అనగా దీపపు స్విచ్చికి లోబడిన సాకెట్టే సాకెట్టులలో జ్యేష్ఠురాలు!

మన గ్రామములలోను ఈ జ్యేష్ఠురా లింక కన్నుమూయలేదు. పెండ్లి పందిళ్లలోను, మగ్గములున్న సావిళ్లలోను బల్బు హోల్డరునకు చీలికహోల్డరు తగిలించి, యొక ప్రక్క దీపమును, మఱియొక ప్రక్క తీగెను వ్రేలాడదీయుట నేను చూచుచునే యున్నాను. కండెలు చుట్టు రాట్నమునకు చిన్న మోటారు బిగించిన యిండ్లలో దానికి కరెంటు ఆ హోల్డరునుండియే వచ్చుట గలదు. దీపమునకై వేసిన తీగె సన్నము. హోల్డరులో ఎర్తు లేదు. మోటారు పైడబ్బాకు కరెంటు తగిలినచో దానిని భూమిలోనికి గొనిపోవు త్రోవయే లేదన్నమాట. ఇది మానవలసిన పద్ధతి.

మనకు సాకెట్టుల రూపము బ్రిటనునుండి వచ్చినది. గుండ్రని పిన్నుల ప్లగ్గులకు వారు 1934 లో ప్రమాణ మేర్పఱచికొనిరి. 1947 లో చదరపు పిన్నుల క్రొత్తదానిని నిర్ణయించి క్రమముగా దానికి మాఱిరి. మనము గుండ్రని దానినే నిలుపుకొంటిమి. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు, దొడ్డ పిన్నులది 16 ఆంపియర్లకు. మన కరెంటు 230 వోల్టులు గనుక చిన్నదానినుండి సుమారు 1380 వాట్లు, పెద్దదానినుండి 3680 వాట్లు గైకొనవచ్చును. 2000 వాట్ల గీజరు చిన్నదానిలో పనికిరాదని దీనినిబట్టియే తెలియును. మూడు పిన్నులలో పైనున్న లావుపాటి పొడవుపిన్ను ఎర్తుది. అది ముందు తగిలి చివరకు వీడునట్లు పొడవుగా జేయబడినది. దానిని విఱిచి, రెండు పిన్నులతో పని గడుపు గృహస్థులకు నమస్కారము చేయుటతప్ప మఱేమి చేయగలము!

మన యిండ్లలో ప్రతి సాకెట్టు ప్రక్కను స్విచ్చి యుండుట మంచి యాచారము. కాని బోర్డుమీద ప్రక్కప్రక్కన నున్నంతమాత్రమున ఆ స్విచ్చి యా సాకెట్టుదే యని నమ్మరాదు. తీగె మిగిలించుకొనుటకై దీపపు స్విచ్చినుండియే సాకెట్టునకుగూడ కొక్కెము వేసి పోయిన పనివారు గలరు. మా వీధిలో నొక నేతవారి పాతయింట నిట్లే జరిగినది. వంటయిల్లు ఇఱుకగుటచే ఫ్రిజ్జిని వీధిగదిలో నుంచిరి. రాత్రి పదిగంటలకు ఆ గదిలో దీప మార్పుదురు. తెల్లవారుజామున అయిదింటికి మగ్గము నెక్కుటకు మరల వెలిగింతురు. పగలెల్ల మగ్గము దగ్గఱ దీపము వెలుగుచునే యుండునుగాన ఫ్రిజ్జియు చక్కగా నడచును. పాలు విఱుగుచున్నవని పాలమనిషిని తిట్టిరి. మరమ్మతువాడు పట్టపగలు వచ్చి చూచి, దోషమేమియు లేదని రుసుము పుచ్చుకొని పోయెను.

పాలతోనే పోయినచో నేనిది వ్రాయకపోదును. ఆ యింటి ముసలమ్మగారికి మధుమేహము. ఆమె యిన్సులిను ఆ ఫ్రిజ్జిలోనే యుండెడిది. మూత విప్పని యిన్సులినును 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుంచవలెను. వేసవి యంతయు నామెకు చక్కెర హద్దులో నిలువలేదు. ఆమె చాటుగా మామిడిపండ్లు తినుచున్నదని యింటివారు అనుమానించిరి. ఒకమారు ఆమె పెట్టెగూడ వెదకిరట. డెబ్బదియేండ్ల యిల్లాలు, "నేను తినలేదర్రా" యని కంట నీరు పెట్టుకొన్నను నమ్మినవారు లేరు. ఒకనాటి రేయి మనుమరాలు దాహమై లేచి ఫ్రిజ్జి తలుపు తీయగా లోపలి చిన్నదీపము వెలుగలేదు. ఆ పిల్ల గదిలో స్విచ్చి వేసినది. ఫ్రిజ్జి గురగురమని మేలుకొన్నది! వైద్యుడు, రాత్రులెల్ల వెచ్చబడిన యా మందును నమ్మరాదని పాఱవేయించి క్రొత్తది వ్రాసి యిచ్చెను. చక్కెర హెచ్చుటకు అదియే కారణమని నేను నిశ్చయించి చెప్పజాలను. పెట్టె వెదకినవారు మాత్రము ముందు స్విచ్చిని వెదకవలసియుండెను.

ఇప్పుడు ఇంతకంటె ముఖ్యమైన సంగతికి వచ్చెదను. చిన్నతనమున మా తండ్రిగారు నాకు అన్నంభట్టుగారి తర్కసంగ్రహము చెప్పిరి. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటియందువలె. నిప్పు లేనిచోట పొగ యుండదు, మడుగునందువలె. ఇది యన్వయము, అది వ్యతిరేకము. కాని దీనిని త్రిప్పి, నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననరాదు. ఎఱ్ఱగా గాలిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. ఆడుపిల్లకు తర్క మెందుకని యప్పుడు మా మేనత్తగారు ఎత్తిపొడిచిరి గాని, స్విచ్చిబోర్డు ముందు నిలిచినప్పుడు నాకిదియే పనికివచ్చుచున్నది. దీపము వెలిగినచోట కరెంటు కలదు, నిజమే. దీప మాఱినది గనుక కరెంటు లేదనుట మాత్రము తప్పు అనుమానము. ఆఱిన దీపపు హోల్డరు ఆ యినుపగుండు వంటిది కావచ్చును.

ఎట్లనగా: కరెంటు తెచ్చు తీగెకు ఫేజు అనియు, మరలిపోవు తీగెకు న్యూట్రలు అనియు పేరు. స్విచ్చి యనునది ఆ బాటలోని తలుపు. తలుపును రాకబాటలో పెట్టినను, పోకబాటలో పెట్టినను దీపమాఱును. చూచువారికి భేదము తెలియదు. కాని రాకబాటను మూసినచో కరెంటు ఇంటిలోనికే రాదు. పోకబాటను మూసినచో లోపలికి వచ్చి, వెళ్లు దారి లేక హోల్డరులోను, సాకెట్టులోను, అందు దూర్చిన మిక్సీ తీగెలోను పొంచియుండును. స్విచ్చి ఆర్పితిమి గదా యని తడిగుడ్డతో బల్బు తుడువబోయిన యిల్లాలి చేయి దానికి పోకబాట యగును. స్విచ్చి యెల్లప్పుడు ఫేజులోనే యుండవలెను. ఎలక్ట్రీషియను పని ముగించి డబ్బు లడిగినప్పుడు, ఇయ్యబోవుటకు ముందు, "స్విచ్చి ఫేజులో వేసితివా నాయనా? చూపుము" అని యడుగుడు. నిజమైన పనివాడు కోపింపడు.

అతడు చూపవలసిన దిది. చెక్కమీద చెప్పులతో నిలిచి, పొడిచేతితో టెస్టరు పట్టి, మొదట కరెంటున్నదని తెలిసినచోట పెట్టి టెస్టరు మంచిదేయని రూఢి చేసికొనవలెను. చెడిన టెస్టరు వెలుగకుండుట చూచి ప్రాణమీద దెచ్చుకొన్నవారు గలరు. పిదప సాకెట్టునకు ఎదురుగా నిలిచి, స్విచ్చి వేసి చూచిన మన కుడిప్రక్క రంధ్రమున వెలుగవలెను, ఎడమదానిలో వెలుగరాదు. స్విచ్చి యార్పినపుడు రెంటను వెలుగరాదు. ఆర్పినను వెలిగినచో తలుపు పోకబాటలో నున్నదన్నమాట. ఇంకొక సూచన గలదు: ఎల్‌ఈడీ బల్బు ఆర్పినను చీకటిలో మిణుకు మిణుకుమనుచుండును. స్విచ్చిలోని చిన్న యెఱ్ఱదీపమువలనగూడ నట్లు కావచ్చునుగాని, ఆ యెఱ్ఱదీపము లేని స్విచ్చి యైనచో ఎలక్ట్రీషియనును పిలిపించి పరీక్ష చేయించుట మంచిది.

తీగెల రంగులలో మనకును అమెరికాకును గల భేదము ప్రాణాంతకమైనది. మన పాత యిండ్లలో ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. అచ్చట నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు, ఆకుపచ్చదిగాని తొడుగులేని రాగితీగెగాని ఎర్తు. దీపపు స్విచ్చికి లోబడిన సాకెట్టునకు బోవు తీగె అనేకచోట్ల ఎఱ్ఱనిది. ఇచట నలుపు తీగెను లెక్కసేయక ముట్టనేర్చిన మన కుఱ్ఱవాడు అచ్చట పలక విప్పినచో నేమగునో తల్లులే యూహింపవచ్చును. ఇచటినుండి పోవు మిక్సీ సంగతియు నిట్టిదే: వారిది 120 వోల్టులు, మనది 230. ఇచటి మిక్సీ యచ్చట పచ్చడి నూఱదు, మూలుగును. దీపకాంతిని తగ్గించి హెచ్చించు స్విచ్చికి లోబడిన సాకెట్టు ఎక్కడైన గనబడినచో దానిలో మోటారు గల వస్తువును దేనిని పెట్టరాదు.

కరెంటెంత యున్న మనిషిని చంపును అని స్త్రీలు నన్నడుగుచుందురు. 9 వాట్ల బల్బు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు త్రాగును. ఆ కొలది కరెంటు గుండెమీదుగా క్షణములు ప్రవహించిన చాలును, ప్రాణము పోవచ్చును. మెయిన్ బోర్డులోని 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ మనలను రక్షించుననుకొనుట భ్రాంతి. అది 6000 మిల్లీ ఆంపియర్లు మీఱిన పిమ్మట గాని కదలదు. అది తీగెలను గాచునది. మనుష్యులను గాచుదానికి ఆర్‌సీసీబీ యని పేరు. పోయిన కరెంటు పోయినంత తిరిగి రాక, నడుమ 30 మిల్లీ ఆంపియర్లు ఎచ్చటికో జాఱిపోయినదని గ్రహించినంతనే ఱెప్పపాటులో మూసివేయును. పట్టుచీర యొకటి తగ్గించుకొనియైన దీనిని బిగించుకొనుడని మా చుట్టములలో ప్రతి పెండ్లికూతురి తల్లికిని చెప్పుచున్నాను. ఇంతవఱకు వినినవారు ఇద్దఱే.

మన కోనసీమకు ఈ మాట మఱింత అగత్యము. ఏటను కాలువలు, ఏరులు, సముద్రపుగాలి. వర్షకాలమున గోడలు చెమ్మగిల్లును. గుంటమగ్గములో కాళ్లు దించి కూర్చుండువారి పాదములు తడిమట్టిమీద నుండును. ఇప్పటి క్రొత్త యిండ్లలో అమెరికావారిని జూచి సాకెట్టులను నేలకు జానెడెత్తున బెట్టించుట వేడుక యైనది. నేల కడిగిన నీరు చిమ్మునని యైన నాలోచింపవలదా? 2022 జులై గోదావరి వఱదలో లంకగ్రామముల యిండ్లలోనికి నీరు చొచ్చినది మఱచిరా? వఱద యెఱిగిన యూళ్లలో సాకెట్టు నడుమెత్తునకు పైనే యుండవలెను. నీరు తీసిన పిదపను, గోడయు సాకెట్టును ఆఱి, తెలిసినవాడు చూచువఱకు మెయిన్ వేయరాదు. వీధిలో తీగె తెగి పడినచో ఎవ్వరిని దగ్గఱకు పోనీయక 1912 నకు ఫోను చేయవలెను. 1996 నవంబరు 6 నాటి తుపానులో పడిన స్తంభములను జూచినవారి కిది వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇక ఇంటిలో నే స్విచ్చి దేనిదో తెలిసికొను విధము. చిన్న బల్లదీపము నొకదానిని తీసికొని సాకెట్టు సాకెట్టునకు త్రిప్పుడు. ఒక్కొక్కచోట వెలిగించి, గదిలోని స్విచ్చుల నన్నిటిని ఒకదాని తరువాత నొకటి ఆర్పి వేయుడు. దేని నార్పిన దీపమాఱునో, వేసిన వెలుగునో అదియే దాని యేలిక. పిల్లల నొకరిని కాగితముతో ప్రక్కన గూర్చుండబెట్టినచో గంటలో నిల్లంతయు ముగియును. పలకకు రెండు సాకెట్టులున్నచో రెంటిని వేఱుగా జూడవలెను. అమెరికాకు బోవువారు దిగిన మఱునాడే యీ పని చేసికొందురుగాక. ఆ కాగితమును బీరువా తలుపు లోపల నంటింపుడు. ఫ్రిజ్జి, మంచమున నున్న రోగికి ప్రాణవాయువు నందించు యంత్రము మున్నగువానిని దీపపు స్విచ్చికి లోబడిన సాకెట్టులో నెన్నడును పెట్టరాదు. వాని స్విచ్చులమీద మఱొకరు చేయి వేయకుండ కాగితపు పట్టీ యంటించి తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయుడు. మా యింట "ఫ్రిజ్జి - ఆర్పరాదు" అని వ్రాసితిని. ఆర్‌సీసీబీమీద 'టి' అను నక్షరముగల చిన్నమీట యుండును. నెలకొకమారు దానిని నొక్కిన టక్కున పడవలెను, పడనిచో మార్పింపవలెను.